తప్పు అమ్మ బకెట్‌ది కాదు

సొంతిల్లు సంగతులు

పోయిన మే నెలలో మా అమ్మ తెనాలి నుంచి న్యూజెర్సీ వచ్చింది. సూట్‌కేసుల్లోంచి ఆవకాయ, కందిపొడి, మనవరాలి పట్టు పరికిణీ అన్నీ తీసి సర్దేశాక అడిగిన మొదటి ప్రశ్న: “ఒరే, బకెట్టూ మగ్గూ ఎక్కడరా?”

మన ఇళ్లలో ఎవరి అమ్మానాన్నలు వచ్చినా ఇదే ప్రశ్న కదా! షవర్ కింద నిలబడితే ఆవిడకి స్నానం చేసినట్టే ఉండదు. హోమ్ డిపోకి వెళ్లి ఆ నారింజ రంగు బకెట్ ఒకటి పట్టుకొచ్చాను. పైన బాత్రూమ్‌లో పెట్టాను. సమస్య తీరిపోయింది అనుకున్నాను.

వారం తిరక్కుండా అమ్మ పిలిచింది. “నాన్నా, కమోడ్ పక్కన కాలు పెడితే టైలు టక్కుమంటోందిరా.” వంగి వేలి కణుపుతో కొట్టి చూపించింది. తెనాలిలో ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ వెనకాలే నిలబడి ప్రతి టైలూ ఇలాగే కొట్టి చూసిన మనిషి. “డొల్ల. కింద ఆనుకుని లేదు” అని తేల్చేసింది.

నేను పట్టించుకోలేదు. ఆఫీసులో రిలీజ్ ఉంది, తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

ఇంకో రెండు వారాలకి వంటింటి సీలింగ్ మీద అప్పడమంత పసుపు మచ్చ కనిపించింది. సరిగ్గా పైన బాత్రూమ్ ఉన్న చోట. నోరు జారాను. “అమ్మా, బయట నీళ్లు పోయొద్దు అన్నానా! ఇక్కడ కింద అంతా చెక్కే.” అమ్మ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి బకెట్ గరాజ్‌లో ఉంది. స్నానం చేశాక పాత నేత చీర ముక్కతో బాత్రూమ్ నేలంతా మోకాళ్ల మీద కూర్చుని తుడవడం మొదలుపెట్టింది.

ఆ నేల విప్పాక మాకు ఏం కనపడింది, మళ్లీ టైల్స్ వేసే ముందు కింద ఏమేం చేశాం... ఈ వారం కాలమ్ అదే.

మన స్లాబు వేరు, వీళ్ల చెక్క వేరు

మన ఊళ్లో బాత్రూమ్ అంటే కింద సిమెంటు స్లాబు. దాని మీద వాలు, మూలన నీళ్లు పోయే జాలీ. బకెట్ నీళ్లు కుమ్మరించి చీపురుతో తోసేస్తాం. నేలని కడగడానికే కట్టుకున్నాం.

అమెరికాలో మేడ మీద బాత్రూమ్ చాలావరకు అలా ఉండదు. కింద వరసగా చెక్క దూలాలు. వీటినే జాయిస్ట్‌లంటారు. సాధారణంగా ఒకదాని మధ్య నుంచి ఇంకోదాని మధ్యకి 16 అంగుళాల దూరం. వాటి మీద ప్లైవుడ్ లేదా ఓఎస్‌బీ షీట్లు. అదే సబ్‌ఫ్లోర్. టెక్సస్ లాంటి చోట్ల కింది అంతస్తు కాంక్రీట్ స్లాబు మీద ఉన్నా, పై అంతస్తు మాత్రం చెక్కే. బాత్రూమ్ నేలలో మన జాలీ లాంటిది దాదాపు ఉండదు. నీళ్లు టబ్‌లోనో షవర్‌లోనో మాత్రమే పడాలి. నేల మీద పడ్డ నీళ్లకి పోవడానికి దారి లేదు కాబట్టి కిందికి ఇంకుతాయి.

ఇంకో సంగతి. చెక్క బతికున్నట్టే ప్రవర్తిస్తుంది. న్యూజెర్సీ ఎండాకాలం ఉక్కకి తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. చలికాలం హీటర్ వేడికి ఎండి కుంచించుకుపోతుంది. మనం నడిస్తే కొంచెం వంగుతుంది. సిరామిక్ టైల్ ఈ మూడింట్లో ఒక్కటీ చెయ్యదు. కదిలే చెక్కకి కదలని టైలుని నేరుగా అతికిస్తే ముందు గ్రౌట్ బీట్లు తీస్తుంది, తర్వాత టైలు లేస్తుంది, ఆఖరికి పగులుతుంది. టైలు చెడ్డదని తిట్టుకుంటాం. నిజానికి సమస్య కింద ఉంటుంది.

విప్పే ముందు ఒక్క నిమిషం ఆగండి

మాది 1974లో కట్టిన ఇల్లు. ఇలాంటి పాత ఇళ్లలో సుత్తి ఎత్తే ముందు ఒక పని చెయ్యాలి. 1980కి ముందు వేసిన వినైల్ ఫ్లోరింగ్‌లో, దాని కింది నల్ల జిగురులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ముఖ్యంగా 9 అంగుళాల చదరపు టైల్స్ కనపడితే జాగ్రత్త. గీకొద్దు, సాండింగ్ చెయ్యొద్దు. చిన్న ముక్క ల్యాబ్‌కి పంపి రిపోర్ట్ వచ్చేదాకా ఆగండి. 1978కి ముందు ఇళ్లయితే పెయింట్‌లో సీసం కూడా ఉండొచ్చు. ఇంట్లో పసిపిల్లలుంటే ఇది అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. మా టైల్స్ కింద కూడా ఒక పాత వినైల్ ముక్క ఉంది. పంపించాం, ఏమీ లేదని వచ్చింది. అప్పుడే పని మొదలుపెట్టాం.

తర్వాత కమోడ్ తియ్యాలి. వాల్వ్ కట్టేసి, ఫ్లష్ చేసి, మిగిలిన నీళ్లు స్పాంజ్‌తో తీసేసి, కింది బోల్టులు విప్పాలి. ఇద్దరు ఉంటే మంచిది, బరువు ఉంటుంది. కమోడ్ ఎత్తగానే ఆ పైపులో ఒక పాత గుడ్డ కుక్కండి. లేకపోతే డ్రైనేజీ వాయువులు ఇంట్లోకి వస్తాయి. వాసనే కాదు, అవి ఒంటికీ మంచివి కావు.

టీలో ముంచిన రస్కు

కమోడ్ ఎత్తాక అసలు కథ బయటపడింది.

టైల్స్ కింద ఉన్నది ప్లైవుడ్ కాదు, పార్టికల్ బోర్డు. అంటే రంపపు పొట్టుని జిగురుతో నొక్కి చేసిన అట్ట. డెబ్బైల నాటి ఇళ్లలో ఇది చాలా మామూలు. కార్పెట్ కింద పర్లేదు కానీ తడి తగిలితే టీలో ముంచిన రస్కులా ఉబ్బి ఊడిపోతుంది. పాత ఓనర్ ఎవరో దాని మీదే టైల్స్ అతికించేశారు. కమోడ్ చుట్టూ రెండడుగుల మేర చేత్తో గిల్లితే పొడి రాలింది. దాని కింది ప్లైవుడ్ నల్లబడి ఉంది.

ఇక టబ్ పక్కన, అమ్మ బకెట్ పెట్టుకుని స్నానం చేసిన చోట చూశాం. పొడిగా ఉంది. బోర్డు గట్టిగా ఉంది.

సంగతేమిటంటే, కమోడ్ కింద ఫ్లాంజ్ అని ఒక చక్రం ఉంటుంది. కమోడ్‌కీ దానికీ మధ్య మైనపు రింగు ఒకటి నొక్కుకుని కూర్చుంటుంది. ఆ ఫ్లాంజ్ టైల్స్ పైన ఉండాలి. పాత ఓనర్ టైల్స్ వేసి నేల ఎత్తు పెంచారు కానీ ఫ్లాంజ్‌ని ఎత్తలేదు. అది గుంటలో ఉండిపోయింది. మైనం సరిగ్గా అందలేదు. ఫ్లష్ చేసినప్పుడల్లా కొన్ని చుక్కలు పక్కకి. అలా ఎన్నేళ్లుగా జరుగుతోందో! నేల మెత్తబడ్డాక కమోడ్ ఊగడం, ఊగడంతో రింగు ఇంకా వదులవ్వడం... ఒకదానికొకటి తోడయ్యాయి.

కిందికెళ్లి అమ్మని చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చాను. రెండు చోట్లా చూపించాను. చాలాసేపు చూసింది. “అయితే నా నీళ్లు కాదన్నమాట” అంది. అంతే. ఆ మాటలో నెల రోజుల బరువు ఉంది. నాకు సిగ్గేసింది.

అందుకే చెబుతున్నా. మచ్చ కనపడగానే ఇంట్లో వాళ్లని అనకండి. ముందు విప్పి చూడండి.

కుళ్లు ఎంతవరకు?

దీనికి పెద్ద మెషీన్లు అక్కర్లేదు. ఒక స్క్రూడ్రైవర్ చాలు. అనుమానం ఉన్న చోటల్లా గుచ్చండి. గట్టి చెక్కలో మొన దిగదు. సులువుగా దిగిందా, అక్కడ చివికిపోయినట్టే. ఒక చిన్న మాయిశ్చర్ మీటర్ కూడా కొంటే మంచిది. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే బూజు కుళ్లు పెరగడం కష్టం. అంతకన్నా ఎక్కువుంటే ఫ్యాన్లు, డీహ్యుమిడిఫయర్ పెట్టి ఎండనివ్వండి. తడి చెక్క మీద ఎంత ఖరీదైన టైల్ వేసినా వేస్ట్. దాన్ని లోపల బంధించి కుళ్లబెట్టడమే.

ముందు లీకు ఆపాలి. తర్వాతే మిగతావన్నీ.

కుళ్లిన ప్లైవుడ్‌ని కుళ్లు ఉన్నంత వరకు కాకుండా, ఇంకా ముందుకెళ్లి గట్టి చెక్క దొరికేదాకా, అదీ దూలం మధ్యగీత వరకు కొయ్యాలి. అప్పుడే కొత్త ముక్క చివర దూలం మీద కూర్చుంటుంది. రంపం లోతుని ప్లైవుడ్ మందానికే సెట్ చేసుకోండి. కింద వైర్లు, పైపులు ఉంటాయి. దూలం ఆసరా లేని అంచుల కింద అడ్డంగా చెక్క ముక్కలు బిగించాలి. ఏ అంచూ గాల్లో ఉండకూడదు.

మా ఇంట్లో ఒక దూలం పైభాగం కొంచెం మెత్తబడింది. పక్కనే అదే సైజు కొత్త దూలం ఆనించి బోల్టులు వేశాం. దీన్ని సిస్టరింగ్ అంటారు. అక్కకి చెల్లి తోడు నిలబడ్డట్టు అన్నమాట. పేరు భలే పెట్టారు.

నేల తెరిచి ఉన్నప్పుడే ఇంకోటి చూడండి. ప్లంబర్లు పైపుల కోసం దూలాలని ఇష్టమొచ్చినట్టు కోసేస్తుంటారు. అమెరికన్ ఇళ్ల కోడ్ ప్రకారం మామూలు చెక్క దూలానికి పెట్టే గాడి దాని ఎత్తులో ఆరో వంతు మించకూడదు. దూలం పొడవులో మధ్య మూడో భాగంలో అసలు గాడి పెట్టకూడదు. రంధ్రమైతే ఎత్తులో మూడో వంతు లోపు, పై అంచుకీ కింది అంచుకీ కనీసం 2 అంగుళాల దూరంలో ఉండాలి. దీనికి మించి కోసి ఉంటే మీరే ప్రయోగాలు చెయ్యకండి. స్ట్రక్చరల్ పని తెలిసినవాళ్లని పిలవండి, పర్మిట్ కావాలేమో మీ టౌన్‌షిప్‌ని అడగండి.

వంగుతుందా, వంగదా?

టైల్ మేస్త్రీలు ఇక్కడ ఎప్పుడూ వాడే లెక్క ఒకటుంది. ఎల్ బై 360. ఎల్ అంటే దూలం ఆసరా లేకుండా ఉన్న పొడవు. బరువు పడ్డప్పుడు ఆ పొడవులో 360వ వంతు కన్నా ఎక్కువ వంగకూడదు. ఉదాహరణకి 12 అడుగుల దూలం అంటే 144 అంగుళాలు. దాన్ని 360తో భాగిస్తే 0.4 అంగుళం. అంటే దాదాపు ఒక సెంటీమీటరు. అది సిరామిక్, పోర్సెలిన్ టైల్స్‌కి. మార్బుల్ లాంటి సహజమైన రాయి వేస్తే ఎల్ బై 720, అంటే అందులో సగమే. మన వాళ్లకి పాలరాయి మోజు ఎక్కువ కదా! అది వేసే ముందు ఈ సగం సంగతి గుర్తుపెట్టుకోండి.

దూలాల సైజు, మధ్య దూరం, పొడవు, చెక్క రకం తెలిస్తే ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు లెక్క వేసిపెడతాయి. ఈ మూడు కొలతలూ సీలింగ్ విప్పినప్పుడో, బేస్‌మెంట్ నుంచో టేపుతో కొలుచుకోవచ్చు. లెక్క ఫెయిల్ అయితే దూలాలకి జోడీలు వెయ్యాలి. పైన ఎన్ని పొరలు వేసినా దూలం బలహీనత పోదు.

దూలాలు పాసయ్యాక, దూలానికీ దూలానికీ మధ్య ప్లైవుడ్ వంగకూడదు. కనీసం 3/4 అంగుళం మందం ఉండాలి. మాకు పార్టికల్ బోర్డు తీసేస్తే మిగిలింది 1/2 అంగుళం ప్లైవుడ్. దాని మీద 5/8 అంగుళం కొత్త ప్లైవుడ్ వేశాం. ఆ రెండో పొరకి కొన్ని రూల్స్ ఉన్నాయి:

• తడికి తట్టుకునే జిగురుతో చేసిన, ‘ఎక్స్‌పోజర్ 1’ ముద్ర ఉన్న ప్లైవుడ్ తీసుకోండి. పల్చటి లువాన్ షీట్లు, పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ వద్దు.

• ముందు కింది పొరని దూలాలకి బాగా బిగించండి. 6 అంగుళాలకో డెక్ స్క్రూ. నడిస్తే వచ్చే కిర్రు కిర్రు శబ్దం ఇక్కడే పోవాలి. టైల్స్ వేశాక పోదు.

• పై షీట్ పొడవు దిక్కు దూలాలకి అడ్డంగా ఉండాలి. పై పొర అతుకులు కింది పొర అతుకుల మీద పడకూడదు.

• పై పొర స్క్రూలు కింది ప్లైవుడ్‌లోకి మాత్రమే దిగాలి, దూలాల్లోకి కాదు. అప్పుడు దూలాల కదలిక నేరుగా పైకి రాదు.

• షీట్ల మధ్య 1/8 అంగుళం, గోడ దగ్గర 1/4 అంగుళం ఖాళీ వదలండి. చెక్క ఉబ్బడానికి చోటు కావాలి కదా.

రసమట్టం అబద్ధం చెప్పదు

గట్టిగా ఉంటే చాలదు, సమంగా ఉండాలి. మన మేస్త్రీలు స్లాబు మీద ఎత్తుపల్లాలని మందంగా సిమెంటు వేసి సరిచేస్తారు. ఇక్కడ టైల్ కింద వేసే థిన్‌సెట్ పేరుకి తగ్గట్టే పల్చటి పొర. గుంటలు పూడ్చడానికి కాదు.

పొడవాటి రసమట్టం గానీ, నిటారుగా ఉన్న అల్యూమినియం పట్టీ గానీ నేల మీద అన్ని దిక్కులా తిప్పి చూడండి. టైలు అంచులన్నీ 15 అంగుళాల లోపు ఉంటే 10 అడుగుల్లో 1/4 అంగుళం తేడా వరకు ఓకే. ఒక్క అంచు 15 అంగుళాలో ఇంకా ఎక్కువో ఉన్నా 1/8 అంగుళమే అనుమతి. ఇప్పుడు ఫ్యాషన్ అంతా 12 బై 24 టైల్సే. అంత పొడవు టైలుకి కింద చిన్న గుంట ఉన్నా మూల పైకి లేచి కాలికి తగులుతుంది.

ఎత్తుగా ఉన్న చోట సాండ్ చెయ్యండి. గుంటలున్న చోట సిమెంటు ప్యాచ్‌తో నింపండి. నేలంతా వంకరగా ఉంటే సెల్ఫ్ లెవలింగ్ సిమెంటు ఉంది. కానీ చెక్క మీద పొయ్యాలంటే ప్రైమర్, కంపెనీ చెప్పిన జాలీ తప్పనిసరి. సంచి మీద రాసింది పూర్తిగా చదివాకే కలపండి.

చెక్కకీ టైల్‌కీ మధ్యవర్తి

ఇప్పుడు నేల గట్టిగా, పొడిగా, సమంగా ఉంది. అయినా టైల్స్ నేరుగా వెయ్యం. మధ్యలో ఒక పొర కావాలి. ఎక్కువమంది వాడేవి రెండు.

మొదటిది సిమెంట్ బోర్డు. 1/4 అంగుళం మందం, 3 బై 5 అడుగుల షీట్లు. దీన్ని ఊరికే స్క్రూలతో కొట్టేస్తే సగం పనే. ముందు కింద థిన్‌సెట్ పరిచి, 1/4 అంగుళం పళ్లున్న తాపీతో దువ్వి, అది ఆరకముందే బోర్డు పెట్టాలి. ఇది అతికించడానికి కాదు, బోర్డు కింద గాలి ఖాళీలు లేకుండా చెయ్యడానికి. అమ్మ చెప్పిన ఆ ‘డొల్ల’ ఇక్కడే పుడుతుంది. చెక్క మీద పాలిమర్ కలిసిన మాడిఫైడ్ థిన్‌సెట్టే వాడాలి. తర్వాత 8 అంగుళాలకొకటి చొప్పున సిమెంట్ బోర్డు స్క్రూలు. డ్రైవాల్ స్క్రూలు వద్దు. సిమెంటులో తుప్పు పడతాయి, తలలు తెగిపోతాయి.

నాలుగు బోర్డుల మూలలు ఒకే చోట కలవకూడదు. ఇటుకల వరసలా తప్పించి పేర్చండి. మధ్య 1/8 అంగుళం ఖాళీలో థిన్‌సెట్ నింపి, సిమెంటు క్షారానికి తట్టుకునే ఫైబర్ టేపు అతికించాలి. మామూలు గోడ టేపు కొన్నాళ్లకి సిమెంటులో కరిగిపోతుంది. బోర్డు కోసేటప్పుడు రంపం వాడకండి. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి ప్రమాదం. కార్బైడ్ కత్తితో గీత గీసి విరిస్తే సరిపోతుంది. ఎలాగైనా మాస్క్ పెట్టుకోండి.

రెండోది అన్‌కప్లింగ్ మెంబ్రేన్. షాపుల్లో చుట్టలుగా కనిపించే నారింజ రంగు ప్లాస్టిక్ షీట్ గుర్తొచ్చిందా? డిట్రా. 1/8 అంగుళమే మందం. కింద ఉన్ని లాంటి పొర థిన్‌సెట్‌ని పట్టుకుంటుంది, పైన చిన్న గళ్లు టైల్ థిన్‌సెట్‌ని పట్టుకుంటాయి. కింద చెక్క కొంచెం అటూ ఇటూ జరిగినా ఆ కదలిక పైన టైలుకి చేరదు. తేలిక, కొయ్యడం సులువు, ఎత్తు తక్కువ. ధర మాత్రం ఎక్కువ. కింద ఏ థిన్‌సెట్, పైన ఏ థిన్‌సెట్ అన్నది తయారీదారు చెప్పినట్టే పాటించండి. చాలాసార్లు రెండూ వేరువేరుగా ఉంటాయి.

ఒక్క మాట బోల్డ్‌లో రాసుకోండి: ఈ రెండూ బలహీనమైన నేలకి బలం ఇవ్వవు. ఊగే నేల మీద సిమెంట్ బోర్డు వేస్తే ఊగే సిమెంట్ బోర్డు వస్తుంది. అంతే.

నీళ్ల సంగతి మర్చిపోవద్దు

సిమెంట్ బోర్డు నీళ్లకి పాడవ్వదు. కానీ నీళ్లని ఆపదు. ఈ తేడా చాలామందికి తెలియదు. టైలూ గ్రౌటూ కూడా పూర్తిగా ఆపవు. ఇంట్లో బకెట్ స్నానాలుంటే, పిల్లలు టబ్‌లోంచి నీళ్లు చిమ్మేస్తుంటే, బోర్డు మీద బ్రష్‌తో పూసే వాటర్‌ప్రూఫ్ మెంబ్రేన్ రెండు కోట్లు వెయ్యండి. గోడ మీదికి కూడా కొన్ని అంగుళాలు ఎక్కించండి. డిట్రా వేస్తే అతుకుల మీద, గోడ మూలల్లో దాని పట్టీ అతికిస్తేనే వాటర్‌ప్రూఫ్ అయినట్టు.

అయినా సరే, నేలకి జాలీ లేదు కాబట్టి మన ఊళ్లోలా కడగడం కుదరదు. నీళ్లు తలుపు దాటి హాల్లోకి పోతాయి.

ఫ్లాంజ్ మాట. కొత్త టైల్స్ ఎత్తు ముందే లెక్కేసుకోండి. ప్లైవుడ్, బోర్డు, థిన్‌సెట్, టైల్ అన్నీ కలిపి. ఫ్లాంజ్ పూర్తయిన టైల్ మీద కూర్చోవాలి. కిందికి ఉండిపోతే ఎత్తు పెంచే రింగులు దొరుకుతాయి. మా ఇంటి కొంప ముంచింది ఈ చిన్న రింగు లేకపోవడమే. తలుపు కింద ఖాళీ, హాలు నేలకీ బాత్రూమ్ నేలకీ మధ్య గడప ఎత్తు కూడా ఇప్పుడే చూసుకోండి. పెద్దవాళ్లు రాత్రిపూట తట్టుకుని పడేది అక్కడే.

చివరిగా, టైల్స్ గోడకి ఆనకూడదు. చుట్టూ 1/4 అంగుళం వదిలి, ఆ సందులో గ్రౌట్ కాకుండా సిలికాన్ పెట్టండి. పైన బేస్‌బోర్డ్ వస్తే కనపడదు కూడా.

స్క్రీన్‌షాట్ తీసుకోండి

1. పాత ఇల్లయితే ఆస్బెస్టాస్ టెస్ట్.
2. లీకు ఎక్కడో కనుక్కుని ఆపడం.
3. స్క్రూడ్రైవర్ టెస్ట్, కుళ్లింది కొయ్యడం, ఎండబెట్టడం.
4. దూలాల లెక్క: సిరామిక్‌కి 360, రాయికి 720.
5. స్క్రూలతో బిగించడం, ప్లైవుడ్ కనీసం 3/4 అంగుళం.
6. రసమట్టంతో సమం చూడటం.
7. సిమెంట్ బోర్డు లేదా మెంబ్రేన్, కింద థిన్‌సెట్‌తో.
8. వాటర్‌ప్రూఫింగ్, ఫ్లాంజ్ ఎత్తు.
9. అప్పుడు టైల్స్.

మాది 5 బై 8 అడుగుల బాత్రూమ్. అమెరికాలో అతి మామూలు సైజు. దానికే మూడు వీకెండ్‌లు పట్టాయి. అందులో టైల్స్ అతికించింది ఆఖరి వీకెండ్ ఒక్కటే. మొదటి రెండూ ఎవరికీ కనపడని పనికే పోయాయి. ఇన్‌స్టాలో పెట్టడానికి ఒక్క ఫోటో కూడా రాని పని!

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి చెక్క నేల గోల లేదు. కానీ అమ్మ టెస్ట్ మీకూ పనికొస్తుంది. కొత్త ఫ్లాట్ తీసుకునే ముందు టైల్స్‌ని వేలి కణుపుతో కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే కింద సరిగ్గా ఆనలేదని అర్థం. తాళాలు తీసుకోకముందే అడగండి. మీ అమ్మానాన్నలు అమెరికా ప్రయాణంలో ఉంటే నేలకి జాలీ ఉండదన్న సంగతి ఫ్లయిట్ ఎక్కకముందే చెప్పండి. వచ్చాక, అదీ మచ్చ కనపడ్డాక చెబితే నాలా అవుతుంది.

అక్టోబర్ చివర్లో అమ్మ వెళ్లిపోయే ముందు రోజు పొద్దున్నే పైన టక్ టక్ మని శబ్దం. వెళ్లి చూస్తే బాత్రూమ్‌లో వంగి ఒక్కో టైలూ కొడుతోంది. మొత్తం 5 బై 8. అన్నీ అయ్యాక లేచి నడుం పట్టుకుని, “గట్టిగానే వేశావురా” అంది.

నారింజ బకెట్ గరాజ్‌లోంచి మళ్లీ పైకి వచ్చేసింది. ఇప్పుడు అది టబ్ లోపల ఉంటుంది, పక్కన ఒక ప్లాస్టిక్ స్టూలుతో. వచ్చే మే నెల కోసం.

*వచ్చే వారం: బాత్రూమ్ ఫ్యాన్ లాగే తేమ ఎక్కడికి పోతోంది? బయటికా, మీ అటకలోకా?*